కట్టెల పొగ మిగిల్చిన ఆయాసం: చైనా సంప్రదాయ వైద్యంలో ఒక సీఓపీడీ కేసు

64 ఏళ్ళ మహిళ. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌డాంగ్ ప్రావిన్స్‌లో, షావ్‌గ్వాన్ వైపు కొండ పల్లెలో పుట్టి అక్కడే కాపురం చేసిన ఆవిడ, సొంత భాష ఉన్న హక్కా జనానికి చెందినవారు. జీవితంలో సిగరెట్ ముట్టలేదు. కానీ ముప్ఫై ఏళ్ళకు పైగా గాలి ఆడని వంటింట్లో కట్టెల పొయ్యి ముందు కూర్చున్నారు. ఇంటిల్లిపాదికీ వంట, స్నానాలకు నీళ్ళు, పందులకు కుడితి, అన్నీ ఆ పొయ్యి మీదే. మనవడిని చూసుకోవడానికి గ్వాంగ్‌ఝౌలో కొడుకు ఇంటికి వచ్చాక, లిఫ్ట్ లేని బిల్డింగులో నాలుగో అంతస్తు ఎక్కలేకపోవడంతో సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు శాశ్వతంగా ఇరుకైపోయి ఆయాసం తెచ్చే జబ్బు, సంగతి బయటపడింది. అప్పటిదాకా పల్లెలో అందరూ వయసు మీద పడిందనే అనుకున్నారు.

దగ్గు పదేళ్ళ బట్టీ ఉంది. పొద్దున లేవగానే తెల్లటి నురగ కఫం. నడిస్తే ఆయాసం నాలుగేళ్ళుగా. మా దగ్గరికి రాకముందు ఏడాదిలో మూడుసార్లు జబ్బు బాగా ముదిరింది, అందులో ఒకసారి, అక్టోబర్‌లో, ఆసుపత్రిలో చేరాల్సి వచ్చింది. డిశ్చార్జ్ అయిన కొన్నాళ్ళకు, నవంబర్‌లో, కోడలు వెంటబెట్టుకుని మా ఓపీకి తీసుకొచ్చింది. ఆవిడ హక్కా భాషలో చెప్పేవారు, కోడలు మాండరిన్‌లోకి మార్చేది. మేం ఆవిడను అక్కడి పద్ధతిలో "ఆయీ", అంటే పిన్నీ, అని పిలిచేవాళ్ళం. మొదటి రోజు ఆవిడ అన్న ఒక మాటను కేస్ షీట్‌లో ఉన్నదున్నట్టు రాసుకున్నాను: "గాలి లోపలికి వస్తుంది డాక్టర్, కిందికి దిగదు." చైనా వైద్యం చదువుకున్నవాళ్ళకు ఆ మాట ఎందుకు పట్టుకుంటుందో ముందు ముందు చెబుతాను.

నా సంగతి రెండు ముక్కల్లో. మాది గుంటూరు వైపు. చైనాలో ఎంబీబీఎస్ అయ్యాక వెనక్కి రాకుండా గ్వాంగ్‌ఝౌలోనే సంప్రదాయ వైద్యంలో పీజీ చేశాను. ఈ కేసు ఆ రోజుల్లో మా ప్రొఫెసర్ కింద ఊపిరితిత్తుల విభాగంలో చూసినది. పేషెంట్‌ని గుర్తుపట్టే వివరాలు మార్చాను. చైనాలో సంప్రదాయ వైద్య ఆసుపత్రి అంటే మూలికల కొట్టు అనుకునేవాళ్ళు మనలో చాలామంది ఉన్నారు. అక్కడ సీటీ స్కాన్ ఉంటుంది, ఐసీయూ ఉంటుంది, కింద ఫార్మసీలో ఒక కౌంటర్‌లో యాంటీబయోటిక్స్ ఇస్తే పక్క కౌంటర్‌లో చెక్క సొరుగుల్లోంచి వేర్లు, బెరళ్ళు తూచి ఇస్తారు. ఒకే డాక్టర్ రెండు కౌంటర్లకూ చీటీ రాయొచ్చు. ఈ కేసులో జరిగిన మంచీ చెడూ రెండూ ఆ రెండు కౌంటర్ల మధ్యే జరిగాయి.

పరీక్షల్లో తేలింది

ఎత్తు 153 సెంటీమీటర్లు, బరువు 44 కిలోలు. కూర్చున్నప్పుడు ఆక్సిజన్ 93 శాతం. బీపీ 148/86. రెండు వైపులా గాలి శబ్దం తగ్గింది, ఊపిరి వదిలేటప్పుడు పిల్లికూతలు. స్పైరోమెట్రీలో, అంటే గొట్టంలోకి ఊదే పరీక్షలో, బ్రాంకోడైలేటర్ (గొట్టాలను విప్పే మందు) ఇచ్చాక కూడా, మొదటి సెకన్‌లో ఊదే గాలి 0.86 లీటర్లు. అంటే ఉండాల్సినదాంట్లో 45 శాతం. మొత్తం ఊదిన గాలితో దాని నిష్పత్తి 0.52. ఈ నిష్పత్తి 0.70 కన్నా తక్కువైతే సీఓపీడీ కింద లెక్క, 45 శాతం అంటే అందులో మూడో గ్రేడు, తీవ్రమైనది. ఆయాసం స్కేలు మీద 3: వంద మీటర్లు నడిస్తే ఆగి ఊపిరి తీసుకోవాలి. క్యాట్ (జబ్బు ఇబ్బందిని కొలిచే ప్రశ్నల పట్టిక) స్కోరు 40కి 26. ఆరు నిమిషాల నడకలో 268 మీటర్లు. ధమని రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 49, కొంచెం ఎక్కువే.

కఫంలో టీబీ లేదని ముందు తేల్చుకున్నాం. ఇన్నేళ్ళ దగ్గు, తగ్గే బరువు ఉన్న మనిషిలో ఆ పరీక్ష చేయకుండా నాలుక చూసి మందు రాసే వైద్యుడు ఏ వైద్యం చేసినా ప్రమాదమే. సీటీలో ఎంఫసీమా, అంటే గాలి సంచులు దెబ్బతినడం, పెద్దగా లేదు, శ్వాసనాళాల గోడలు మాత్రం దళసరిగా ఉన్నాయి. సిగరెట్ సీఓపీడీకీ, కట్టెల పొగ సీఓపీడీకీ ఈ తేడా తరచుగా కనిపిస్తుంది: పొగాకు గాలి సంచులను తినేస్తుంది, కట్టెల పొగ ఎక్కువగా గొట్టాలను ఇరుకు చేస్తుంది. రక్తంలో ఇయోసినోఫిల్స్ (ఒక రకం తెల్ల కణాలు) 120. పొటాషియం 4.1. ఈ చివరి అంకెను గుర్తు పెట్టుకోండి.

చైనాలో ఇది అరుదైన కేసేమీ కాదు. 2018లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన దేశవ్యాప్త సర్వే ప్రకారం అక్కడ సీఓపీడీ ఉన్నవాళ్ళు దాదాపు పది కోట్ల మంది, నలభై దాటినవాళ్ళలో 13.7 శాతం. షావ్‌గ్వాన్ ప్రాంతంలోనే యున్‌యాన్ అనే చోట గ్వాంగ్‌ఝౌ పరిశోధకులు 996 మందిని 9 ఏళ్ళు గమనించారు. కట్టెల బదులు బయోగ్యాస్ వాడి, వంటింట్లో పొగ బయటికి పోయే ఏర్పాటు చేసుకున్నవాళ్ళలో ఊపిరితిత్తుల అరుగుదల నెమ్మదించిందని 2014లో ప్రచురించారు. మన పల్లెల్లో ఊదుగొట్టం పట్టుకుని అరవై దాటిన అమ్మమ్మల దగ్గును ఎవరైనా ఇలా తొమ్మిదేళ్ళు లెక్క కట్టి చూస్తే బాగుండునని ఆ పేపర్ చదివినప్పుడల్లా అనిపిస్తుంది.

నాలుక, నాడి

చైనా వైద్యుడు నాలుగు రకాలుగా చూస్తాడు: కంటితో చూడడం, వినడమూ వాసన పట్టడమూ, అడగడం, తాకి చూడడం. ఆవిడ నాలుక పాలిపోయి, ఉబ్బి, అంచుల మీద పళ్ళ గుర్తులు పడి ఉంది. మీద తెల్లటి జిడ్డు పొర. అంచులు ఊదారంగులోకి తిరిగాయి, నాలుక కింద నరాలు ఉబ్బి ఉన్నాయి. నాడి లోతుగా, సన్నగా ఉంది. మణికట్టు మీద మూడు చోట్ల వేళ్ళు పెట్టి చూస్తారు, మూత్రపిండాలకు చెప్పే చోట అది దాదాపు అందడం లేదు. అడిగితే తేలినవి: చిన్న గాలికే జలుబు, ఊరికే చెమట, తిండి సహించదు, కొంచెం తిన్నా కడుపు ఉబ్బరం, విరేచనం పలచన, మోకాళ్ళ నొప్పులు, రాత్రి మూడు నాలుగుసార్లు మూత్రానికి లేవడం.

ఈ జబ్బును చైనా వైద్యం ఫెయ్‌ఝాంగ్ అంటుంది, ఊపిరితిత్తి ఉబ్బడం అని. సుమారు 1800 ఏళ్ళ కిందటి, తూర్పు హాన్ వంశ కాలపు వైద్యుడు ఝాంగ్ ఝోంగ్‌జింగ్ గ్రంథంలోనే ఆ పేరుతో వర్ణన ఉంది. వాళ్ళ లెక్కలో ఊపిరిని నడిపేది ఊపిరితిత్తి, కానీ లోపలికి వచ్చిన ఊపిరిని కిందికి పట్టి ఉంచేది మూత్రపిండం. గాలి కిందికి దిగడం లేదని ఆవిడ అన్నప్పుడు మా ప్రొఫెసర్ నా వైపు చూసింది అందుకే. ఇంకో సూత్రం: కఫం పుట్టేది ప్లీహంలో, నిలవ ఉండేది ఊపిరితిత్తిలో. అక్కడ ప్లీహం అంటే మన పాఠాల్లోని స్ప్లీన్ కాదు, మొత్తం జీర్ణశక్తి అనుకోవాలి. కాబట్టి ఊపిరితిత్తికి బలం కావాలంటే ముందు పొట్టను బాగుచేయాలి. లోహం కూడా ఉండే చైనా పంచభూతాల భాషలో, భూమిని పెంచితే లోహం పుడుతుంది.

మా నిర్ధారణ: ఊపిరితిత్తి, ప్లీహం, మూత్రపిండం మూడింటి చీ, అంటే ప్రాణశక్తి, తగ్గింది, పైన కఫం, దానితో పాటు రక్తం నిలవ. మూలంలో బలహీనత, పైపైన అడ్డంకి. జబ్బు ముదిరినప్పుడు పైది చూడాలి, నెమ్మదించినప్పుడు మూలం చూడాలి అన్నది అక్కడ ప్రతి విద్యార్థీ కంఠస్థం చేసే వాక్యం.

ఈ భాషను శరీర శాస్త్రం అనుకుని చదివితే తల తిరుగుతుంది. నేను దాన్ని లక్షణాలను గుంపులు కట్టే పద్ధతిగా వాడతాను. స్పైరోమెట్రీలో ఒకే అంకె వచ్చిన ఇద్దరిలో ఒకరు తిండి తినలేక చిక్కిపోతున్నారు, ఇంకొకరు పచ్చ కఫంతో, మలబద్ధకంతో ఉన్నారు అనుకోండి. ఆ ఇద్దరినీ వేరుగా చూడమని ఈ పద్ధతి గట్టిగా చెబుతుంది. అంతవరకు నాకు దాంతో పేచీ లేదు.

ఏం ఇచ్చాం

ముందు ఇన్‌హేలర్ సంగతి. పల్లె క్లినిక్‌లో ఆవిడకు సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్, థియోఫిలిన్ మాత్రలు, బీపీకి ఇండపమైడ్ రాశారు. ఇన్‌హేలర్ ఎలా వాడుతున్నారో చూపించమంటే నోట్లో కొట్టుకుని మింగేశారు! నాలుగేళ్ళుగా అంతే. మేం టయోట్రోపియమ్, ఓలోడటెరాల్ కలిసిన ఇన్‌హేలర్‌కు మార్చాం, రోజుకు ఒకసారి రెండు పఫ్‌లు. నర్సు అద్దం ముందు కూర్చోబెట్టి నేర్పింది, ప్రతి విజిట్‌లో మళ్ళీ చేయించి చూసింది. థియోఫిలిన్ ఆపేశాం. ఇయోసినోఫిల్స్ తక్కువగా ఉన్నాయి కాబట్టి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ అప్పటికి వద్దనుకున్నాం. ఫ్లూ, న్యుమోకాకల్ టీకాలు వేయించాం. పల్లె ఇంట్లో పొయ్యి తీసేసి గ్యాస్ పెట్టించమని కొడుకుతో మాట తీసుకున్నాం.

కషాయానికి ఆధారం రెండు పాత యోగాలు. ఒకటి లియు జున్‌జీ, ఆరు మూలికలది, పొట్టకూ కఫానికీ. రెండోది యూ పింగ్ ఫెంగ్, మూడు మూలికలది, మాటిమాటికీ జలుబు చేసేవాళ్ళకు. కలిపితే ఇలా వచ్చింది: దాంగ్‌షెన్ 15 గ్రాములు, హువాంగ్‌చీ 20, బాయ్‌ఝు 12, ఫులింగ్ 15, శుద్ధి చేసిన బాన్‌షియా 9, పాత నారింజ తొక్క 6, ఫాంగ్‌ఫెంగ్ 6, రక్తం కదలడానికని పీచ్ గింజల పప్పు 9, చివర తేనెలో వేయించిన అతిమధురం 5. ఇది ఒక రోజు మోతాదు. ఇంట్లో అయితే మట్టికుండలో అరగంట నానబెట్టి, రెండుసార్లు కాచి, రెండు నీళ్ళూ కలిపి పొద్దున, సాయంత్రం తాగాలి. ఇనప గిన్నె పనికిరాదు. ఇప్పుడు చాలామంది ఆసుపత్రిలోనే కాచి ప్యాకెట్లలో మూసి ఇచ్చేది పట్టుకెళ్తారు. ఆవిడకూ అంతే.

ఎఫిడ్రా, అంటే మాహువాంగ్, వేయలేదు. ఆయాసానికి పేరున్న మూలిక అది, గొట్టాలను నిజంగానే విప్పుతుంది. కానీ బీపీ ఉన్న మనిషికి, ఇన్‌హేలర్‌లో అదే కోవకు చెందిన మందు తీసుకుంటున్న మనిషికి, గుండె వేగం పెంచే ఇంకో మందు ఎందుకు?

బల్లుల సంగతి కూడా చెప్పాలి. రెండో విజిట్‌కు కొడుకు గ్వాంగ్‌ఝౌలోని చింగ్‌పింగ్ మార్కెట్ నుంచి ఒక జత ఎండబెట్టిన టోకే బల్లులు తెచ్చాడు, వెదురు పుల్లలకు చాపి కట్టినవి, ఆడదీ మగదీ. మూత్రపిండం ఊపిరిని పట్టి ఉంచడానికి గొజ్యే అనే ఈ బల్లిని జిన్‌సెంగ్‌తో కలిపి ఇవ్వడం పాత పద్ధతి. తోకలోనే బలమంతా ఉంటుందంటారు, తోక తెగిన బల్లికి ధర పడిపోతుంది. ఖరీదైనవి, తల్లి కోసం కొన్నాడు. మేం వాడలేదు. పనిచేస్తుందన్న గట్టి ఆధారం లేదు, పైగా 2019 నుంచి ఈ జాతి అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాలో ఉంది. మన ఈశాన్య రాష్ట్రాల నుంచి దొంగచాటుగా తరలేది ఈ బల్లే. మీద బల్లి పడితే పంచాంగం తీసే ఊళ్ళో పుట్టినవాణ్ణి, వాటిని చేత్తో పట్టుకుని చూడడానికే నాకు కొంత టైమ్ పట్టింది. బదులుగా అదే పనికి శాస్త్రం చెప్పిన అక్రోటు పప్పు రోజూ గుప్పెడు తినమన్నాం. మూత్రపిండం మాట ఎలా ఉన్నా, 44 కిలోల మనిషికి ఆ నూనె, ఆ ప్రోటీన్ కావాలి.

వ్యాయామానికి బాదువాన్‌జిన్. ఎనిమిది కదలికలు, చాప వేసేంత చోటు చాలు, తైచీ కన్నా త్వరగా వస్తుంది. వారానికి ఐదు రోజులు, దానితో పాటు నడక, పెదవులు ముడిచి ఊపిరి వదలడం. చైనా పల్లెల్లో 120 మంది సీఓపీడీ పేషెంట్ల మీద చేసిన పోలిక 2018లో చెస్ట్ పత్రికలో వచ్చింది. అందులో పన్నెండు వారాల తైచీ, పద్ధతిగా చేయించిన పల్మనరీ రిహాబ్‌కు (ఊపిరితిత్తుల రోగుల వ్యాయామ శిక్షణ) తీసిపోలేదు. శిక్షణ ఆపేసిన మూడు నెలల తర్వాత తైచీ వాళ్ళే కొంచెం మెరుగ్గా ఉన్నారు. ఇంట్లో కొనసాగించడం తేలిక కాబట్టేమో అని నా ఊహ. తైచీ మీద వచ్చిన ఫలితాన్ని బాదువాన్‌జిన్‌కు అంటగట్టడం పూర్తిగా సరికాదు, కానీ ఆవిడ రోజూ చేసేది ఏదో అదే మంచి వ్యాయామం.

ఆక్యుపంక్చర్ కొన్ని సిట్టింగులు చేశాం, వీపు మీద ఊపిరితిత్తి బిందువుల్లో, మోకాలి కింద. మోక్సా మాత్రం వద్దన్నాను. మాచిపత్రి జాతి ఆకు ఉండను కాల్చి ఆ వేడి పట్టే చికిత్స అది. పొగతో పాడైన ఊపిరితిత్తిని పొగ నిండిన గదిలో పడుకోబెట్టి బాగుచేయాలనుకోవడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు. ఆ గదుల్లో రోజంతా పనిచేసే నర్సుల గురించీ ఎవరూ అడగరు.

ఫిబ్రవరిలో వచ్చిన చిక్కు

మొదటి రెండు నెలలూ సాఫీగా నడిచాయి. ఉబ్బరం తగ్గింది, అన్నం రెండో గిన్నె అడుగుతున్నారని కోడలు సంబరపడింది. వసంతోత్సవానికి, అంటే చైనా కొత్త సంవత్సరానికి, ఆవిడ పల్లెకు వెళ్ళారు. కషాయం ప్యాకెట్లు వెంట తీసుకెళ్ళారు. తిరిగి వచ్చాక ఓపీకి వచ్చింది ఆయాసంతో కాదు, కాళ్ళలో సత్తువ లేదని. మెట్లు ఎక్కలేకపోతున్నారు, గుండె దడ, మలబద్ధకం. చీలమండల దగ్గర వాపు. బీపీ 168/94.

ఇంట్లోవాళ్ళు ఊపిరితిత్తి ఇంకా పాడైందనుకున్నారు. వినికిడిలో ఊపిరి మునుపటిలాగే ఉంది. ఈసీజీలో టీ తరంగాలు చదునుగా అయ్యాయి, యూ తరంగాలు కనిపించాయి. పొటాషియం నవంబర్‌లోని 4.1 నుంచి 2.7కి పడిపోయింది. బైకార్బొనేట్ పెరిగింది. వెంటనే వార్డులో మానిటర్ మీద పెట్టి పొటాషియం ఎక్కించాం.

కారణం ఆవిడ చొక్కా జేబులో దొరికింది: ఒక చిన్న తెల్ల సీసా, లోపల కాంపౌండ్ లికొరైస్ మాత్రలు. చైనాలో తరాలుగా దగ్గుకు వాడే మాత్ర. ఒక్కోదాంట్లో అతిమధురం సారం 112.5 మిల్లీగ్రాములు, నల్లమందు పొడి 4 మిల్లీగ్రాములు, కర్పూరం, సోంపు నూనె. పండక్కి వచ్చిన చుట్టం ఇచ్చిందట. చలికి దగ్గు ఎక్కువైతే రోజుకు మూడుసార్లు, ప్రతిసారీ మూడేసి, మూడు వారాలకు పైగా వేసుకున్నారు. అంటే అతిమధురం సారమే రోజుకు గ్రాము. మా కషాయంలో ఉన్న 5 గ్రాముల వేరు అదనం. దానితో పాటు పొటాషియాన్ని మూత్రంలో పంపించే ఇండపమైడ్. ఇన్‌హేలర్‌లోని ఓలోడటెరాల్, పైన పల్లె క్లినిక్‌లో రెండు మూడుసార్లు పట్టించిన సాల్బ్యుటమాల్ నెబ్యులైజర్, రక్తంలో ఉన్న పొటాషియాన్ని కణాల్లోకి నెట్టేవి. విడివిడిగా చూస్తే దేనికదే మామూలు మోతాదు.

అతిమధురం చేసే పని తెలిసిందే. అందులోని గ్లిసరైజిన్ నుంచి వచ్చే పదార్థం మూత్రపిండంలో ఒక ఎంజైమ్‌ను ఆపేస్తుంది. మామూలుగా కార్టిసాల్‌ను అక్కడ చల్లార్చేది ఆ ఎంజైమే. అది ఆగితే కార్టిసాల్ వెళ్ళి ఆల్డోస్టెరాన్ చేసే పని చేస్తుంది: ఉప్పు, నీరు నిలవ, బీపీ పైకి, పొటాషియం కిందికి. పొటాషియం తగ్గితే కాలి కండరాలే కాదు, ఊపిరి తీసే కండరాలు కూడా నీరసిస్తాయి. అసలే ఆయాసం ఉన్న మనిషిలో అది ప్రాణం మీదికి వస్తుంది. నల్లమందు గురించి వేరే చెప్పాలా? కార్బన్ డయాక్సైడ్ నిలవ ఉండే పేషెంట్‌కు దగ్గును, ఊపిరిని రెండింటినీ అణిచే మందు!

మాత్రలు ఆపించాం. ఇండపమైడ్ బదులు ఆమ్లోడిపిన్. కషాయంలోంచి అతిమధురం పూర్తిగా తీసేశాం. ఇక్కడ డిపార్ట్‌మెంట్‌లో కొంత చర్చ జరిగింది. యోగంలో మూలికలకు రాజు, మంత్రి, సహాయకుడు, దూత అని హోదాలుంటాయి, అతిమధురం దూత, మిగతావాటిని కలిపి ఉంచేది. అది లేకుండా లియు జున్‌జీ లియు జున్‌జీయే కాదన్నది సీనియర్ ఒకాయన వాదన. మా ప్రొఫెసర్ ఒక్క మాటతో ముగించారు: దూత ఇల్లు తగలబెడుతుంటే బయటికి పంపాలి. రెండు మూడు వారాల్లో పొటాషియం 4కి వచ్చింది, బీపీ దిగింది, వాపు పోయింది. దూత లేని కషాయం కూడా ఆవిడ పొట్టకు మునుపటిలాగే పనిచేసింది.

అసలు సంగతేమిటంటే, ఆవిడ దృష్టిలో ఆ మాత్ర మందే కాదు. "మీరు వాడే మందులన్నీ చెప్పండి" అని నవంబర్‌లో అడిగినప్పుడు బీపీ మాత్ర చెప్పారు, ఇన్‌హేలర్ చెప్పారు. పల్లెలో అందరి ఇళ్ళలో ఉండే దగ్గు బిళ్ళ లెక్కలోకి రాలేదు. అప్పటినుంచి మా ఓపీలో ప్రశ్న మారింది: దగ్గు వస్తే ఇంట్లో ఏం చేస్తారు, ఎవరు ఏం ఇస్తారు, సంచీలో జేబులో ఏముంది, చూపించండి.

వేసవి పట్టు

జులై, ఆగస్టుల్లో శాన్‌ఫు పట్టు వేశాం. చలికాలపు జబ్బుకు వేసవిలో మందు వేయాలన్నది అక్కడి నమ్మకం. చాంద్రమానపు లెక్కతో కాదు, వేసవి అయనాంతం నుంచి పది రోజుల చక్రం లెక్కపెట్టి మూడు దఫాల తేదీలు ఖరారు చేస్తారు. తెల్ల ఆవాలు, ఇంకో మూడు మూలికలు పొడి కొట్టి, అల్లం రసంతో ముద్ద చేసి వీపు మీద బిందువుల్లో అంటిస్తారు. 1695లో ఝాంగ్ లూ రాసిన గ్రంథంలో ఈ పద్ధతి ఉంది. ఆ రోజుల్లో ఆసుపత్రి బయట తెల్లవారకముందే క్యూ. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో చేప మందు కోసం నిలబడే జనాన్ని చూసినవాళ్ళకు ఆ దృశ్యం కొత్తగా అనిపించదు. ఎండలు తిరిగే వేళకు క్యాలెండర్ చూసి ఆయాసానికి మందు పుచ్చుకోవడం రెండు చోట్లా ఉంది.

ఆవిడకు రెండో దఫాలో చర్మం ఎర్రబడి చిన్న బొబ్బలు వచ్చాయి. బొబ్బ వస్తే మందు పట్టినట్టేనని క్యూలో అందరూ అంటారు. మన ఆవ పట్టు అరగంట దాటితే ఏమవుతుందో తెలిసిన నాకు అది ఉత్త చర్మపు మంటే. మూడోసారి టైమ్ తగ్గించాం. ఈ పట్టు ఆవిడకు ఊపిరితిత్తుల పరంగా ఏం చేసిందో చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఆవిడకు మాత్రం అది చాలా నచ్చింది.

ఏడాది తర్వాత

మరుసటి నవంబర్‌లో: ఆరు నిమిషాల నడక 268 నుంచి 331 మీటర్లకు పెరిగింది, క్యాట్ 26 నుంచి 17కి దిగింది, ఆయాసం స్కేలు 3 నుంచి 2కి. బరువు 46.5 కిలోలు. ఏడాదిలో ఒక్కసారే జబ్బు ముదిరింది, మార్చిలో, ఇంటి దగ్గరే తగ్గింది. ఆసుపత్రిలో ఉండాల్సి వచ్చింది పొటాషియానికే. స్పైరోమెట్రీ 0.88 లీటర్లు. అంటే మారలేదు. 0.02 లీటర్ల తేడా అదే మనిషి పొద్దున, సాయంత్రం ఊదినా వస్తుంది.

ఈ అంకెలు చూపించి "చైనా మందుతో సీఓపీడీ నయం" అని ఎవరైనా పోస్టర్ వేసుకోవచ్చు. నేను అలా అనను. ఊపిరితిత్తి పాడైనంత మేర పాడయ్యే ఉంది. నడకలో వచ్చిన మెరుగులో పెద్ద భాగం ఇన్‌హేలర్ మొదటిసారి నిజంగా లోపలికి వెళ్ళడం వల్ల, బాదువాన్‌జిన్ వల్ల అని నా అంచనా. జబ్బు ముదరడం తగ్గినదానికి ఇన్‌హేలర్‌తో పాటు టీకాలు, గ్యాస్ పొయ్యి కూడా కారణాలే. పైగా పేషెంట్లు మన దగ్గరికి వచ్చేది వాళ్ళ బతుకులో అన్నిటికన్నా చెడ్డ ఏడాది గడిచాక. ఆ తర్వాతి ఏడాది ఏమీ చేయకపోయినా కొంత మెరుగ్గానే ఉంటుంది.

అయితే కషాయానికి ఏ వాటా లేదనీ అనను. తిండి సహించడం, విరేచనం గట్టిపడడం, చెమట తగ్గడం కషాయం మొదలైన మొదటి నెలలోనే వచ్చాయి, ఇన్‌హేలర్ ఆ పనులు చేయదు. చిక్కిపోతున్న సీఓపీడీ పేషెంట్‌కు రెండున్నర కిలోలు చిన్న విషయం కాదు. యూ పింగ్ ఫెంగ్ గుళికల మీద గ్వాంగ్‌ఝౌ బృందం 240 మందితో 52 వారాల పాటు, ఉత్తుత్తి మందుతో పోల్చి చేసిన ట్రయల్ 2018లో వచ్చింది, జబ్బు ముదరడం గుళికలవాళ్ళలో తక్కువగా ఉంది. ఒక ట్రయల్‌తో లోకం మారదు, కానీ చైనా మూలికల మీద వచ్చే పేపర్లలో ఉత్తుత్తి మందుతో సరిగా పోల్చినవి తక్కువ కాబట్టి దీనికి నేను విలువ ఇస్తాను. అదే గ్వాంగ్‌ఝౌ నుంచి 2008లో కార్బోసిస్టీన్ అనే చవక ఇంగ్లీషు మాత్ర మీద 709 మందితో అలాంటి ఫలితమే వచ్చిన సంగతి కూడా చెప్పకపోతే లెక్క ఒకవైపు మొగ్గుతుంది.

మధ్యలో ఒకసారి ఇన్‌హేలర్ ఆపేసి కషాయం ఒక్కటే వాడతామని కొడుకు అడిగాడు. ఇంగ్లీషు మందు పైపైన అణుస్తుంది, చైనా మందు మూలం తీస్తుంది అని అక్కడ ఇంటింటా వినే మాట. మా గుంటూరులో ఆయుర్వేదం గురించి ఇదే మాట విని పెరిగాను కాబట్టి నాకు జవాబు వెతుక్కోవాల్సిన పని పడలేదు. తల్లి నడిచిన మీటర్ల లెక్క చూపించి, ఆపితే ఏది మొదట పోతుందో చెప్పాను. ఆపలేదు.

మన వైపు చదివేవాళ్ళకు

ఆయాసానికి చైనా మందులు అని ఆన్‌లైన్‌లో, తెలిసినవాళ్ళ ద్వారా దొరికేవి కొని తల్లిదండ్రులకు వేస్తున్నవాళ్ళు నాకు ఫోన్లు చేస్తుంటారు. ఏ లేబుల్ మీదా నమ్మకంగా రాయని మాత్ర రెండు రోజుల్లో ఆయాసం మాయం చేసిందంటే అందులో స్టెరాయిడ్ కలిపారేమో అని ముందు అనుమానించండి. మొహం ఉబ్బి, షుగర్ పెరిగాక తెలుస్తుంది.

రెండోది మూత్రపిండాల సంగతి. చైనాలో దగ్గుకు శతాబ్దాలుగా వాడిన మాదౌలింగ్ అనే కాయలో అరిస్టొలోకిక్ ఆమ్లం ఉంటుంది, మూత్రపిండాలను పాడుచేసి, మూత్రనాళాల్లో క్యాన్సర్ తెస్తుంది. 1993లో బెల్జియంలో సన్నబడే మందులో ఒక మూలిక బదులు పొరపాటున ఈ జాతిది పడి ఎందరో ఆడవాళ్ళ కిడ్నీలు దెబ్బతిన్న సంగతి వెలుగులోకి వచ్చింది. మాదౌలింగ్‌ను చైనా 2020 ఫార్మకోపియా (అధికారిక మందుల గ్రంథం) నుంచి తీసేశారు. మన ఈశ్వరి వేరు, గాడిదగడప ఆకు ఆ జాతివే. పాత నాటు యోగాల్లో ఇవి ఇంకా తిరుగుతున్నాయి.

అతిమధురం మన ఇళ్ళలోనూ ఉంది. గొంతు గరగరకు రెండు రోజులు చిన్న ముక్క చప్పరిస్తే ఏమీ కాదు. ఫ్రూసెమైడ్ లాంటి నీళ్ళ మాత్ర, బీపీ మాత్ర, డెరిఫిలిన్, నెబ్యులైజర్ వాడుతున్న పెద్దవాళ్ళకు నెలల తరబడి చూర్ణంగా, కషాయంగా ఇస్తుంటే ఆ మాట డాక్టర్‌కు చెప్పి పొటాషియం ఒకసారి చూపించండి. చవకైన పరీక్ష.

ఫైల్ అప్పగించేనాటికి

నేను గ్వాంగ్‌ఝౌ వదిలేటప్పుడు ఆయీ ప్లాన్ ఇలా ఉంది. ఇన్‌హేలర్ రోజూ. కషాయం బదులు యూ పింగ్ ఫెంగ్ గుళికలు, చలి నెలల్లో మాత్రమే. బాదువాన్‌జిన్ ఆవిడే కింద అంతస్తు ఆడవాళ్ళకు నేర్పిస్తున్నారు కాబట్టి దాని గురించి మేం అడగడం మానేశాం. పొటాషియం, క్రియాటినిన్, లివర్ పరీక్షలు మూడు నెలలకోసారి. జబ్బు మళ్ళీ ఏడాదిలో రెండుసార్లు ముదిరితే ఇయోసినోఫిల్స్ చూసి స్టెరాయిడ్ ఇన్‌హేలర్ చేర్చాలి. కార్బన్ డయాక్సైడ్ 52 దాటి నిలిస్తే రాత్రిపూట ఇంట్లో మాస్క్ వెంటిలేటర్ గురించి కుటుంబంతో మాట్లాడాలి. ఈ రెండు గీతలూ, అతిమధురం వద్దన్న మాటా ఫైల్ మొదటి పేజీ మీద ఎర్ర పెన్నుతో రాసి తర్వాతి రెసిడెంట్‌కు ఇచ్చాను.